పెట్టకో లెక్క ఉంది

మీ పెరట్లో గుడ్లకొచ్చిన పెట్ట ఉంటే ఓ నాలుగు రోజులు దాని మీద కన్నేసి ఉంచండర్రా. మొదటి రోజు పొద్దున 7 గంటలకు గుడ్డు పెడుతుంది. మర్నాడు 8 దాటుతుంది. మూడోనాడు 9 కావచ్చు, 10 కావచ్చు. అలా జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నం దాకా వచ్చి, ఓ రోజు పూర్తిగా ఎగ్గొడుతుంది. ఆ రోజు ఇంట్లోవాళ్లు "పక్కింటి గడ్డివాములో పెట్టొచ్చిందేమో" అని అనుమానపడతారు. ఒక్కోసారి అదీ నిజమే. చాలాసార్లు మాత్రం పెట్ట తప్పేమీ ఉండదు. దాని లోపల నడిచే లెక్క అలాంటిది.

ఆ లెక్క చెబుతా వినండి. ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. ముందు పచ్చసొన అండాశయం నుంచి జారి గొట్టంలో పడుతుంది. పుంజుతో కలిసిన పెట్టయితే మొదటి అరగంటలోపే, అక్కడే ఫలదీకరణ జరిగిపోతుంది. ఆ తరవాత 3 గంటలసేపు దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. ఇంకో గంట, గంటంపావులో లోపలి పొరలు అమరుతాయి. ఉడికిన గుడ్డు ఒలిచేటప్పుడు మన వేళ్లకు తగిలే పల్చటి పొర అదే. మిగిలిన కాలమంతా, అంటే దాదాపు 20 గంటలు, పెంకు కట్టడానికే సరిపోతుంది. గుడ్డు బయటపడ్డాక ఓ అరగంటకు గానీ తరవాతి సొన జారదు. రోజుకేమో ఉన్నవి 24 గంటలే. అందుకని వేళ రోజురోజుకీ వెనక్కి జరుగుతుంది. పైగా సొన జారడానికి మెదడు నుంచి రావలసిన హార్మోను సంకేతం రాత్రివేళల్లోనే వస్తుంది. ఆ వేళ దాటితే పెట్ట ఒక రోజు ఆగి, మళ్లీ పొద్దున్నే కొత్త వరస మొదలుపెడుతుంది.

పుంజు లేకుండా పెట్ట గుడ్డు పెడుతుందా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పెడుతుంది. ఆ గుడ్డు తినడానికి పనికొస్తుంది, పొదగడానికి పనికిరాదు. ఒకసారి పుంజుతో కలిస్తే ఆ వీర్యకణాలు పెట్ట గొట్టంలోని చిన్న చిన్న గదుల్లో రెండు వారాల పైనే బతికి ఉంటాయి. పుంజును అమ్మేసిన తరవాత కూడా కొన్నాళ్లు పొదుగుకు పనికొచ్చే గుడ్లు రావడానికి కారణం ఇదే.

పెంకు సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. ఫారం గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెట్ట ఒంట్లో ఉన్న కాల్షియం మొత్తంలో అది ఇంచుమించు పదో వంతు! పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూట. ఆ వేళకి కడుపులో మేత అడుగంటుతుంది. అందుకే పెట్ట గుడ్లకొచ్చే ముందే కాలి ఎముకల బోలులో కాల్షియం ప్రత్యేకంగా దాచుకుంటుంది. పుంజు ఎముకల్లో ఈ నిల్వ ఉండదు. గాదెలో ధాన్యంలా పగలు పోసుకుని రాత్రి తీసుకుంటుందన్నమాట. పోయడానికి సరుకు లేకపోతే గాదె గోడలే తవ్వుకోవాలి. అంటే పెట్ట అసలు ఎముకే కరుగుతుంది, కాళ్లు బలహీనపడతాయి, గుడ్డు తోలుగుడ్డుగా వస్తుంది.

కాబట్టి సాయంత్రం గూట్లోకి వెళ్లేముందు పెట్టలకు గుల్లపొడి అందుబాటులో ఉండాలి. కాలువగట్టున దొరికే నత్తగుల్లలు, ఆల్చిప్పలు దంచి ఓ చిప్పలో విడిగా పెట్టండి. మేతలో కలపొద్దు. గుడ్లు పెట్టే పెట్ట తనకెంత కావాలో అంతే తింటుంది, పుంజు దాని జోలికి పెద్దగా పోదు. గుడ్డు పెంకులు కూడా పెట్టొచ్చు, కాని బాగా ఎండబెట్టి పొడిచేసి పెట్టాలి. చిప్పలు చిప్పలుగా పడేస్తే కొన్ని పెట్టలు గుడ్డు పగలగొట్టుకుని తినడం నేర్చుకుంటాయి.

ఎండాకాలంలో గుల్లపొడి పెట్టినా పెంకు పల్చబడుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి ఎగశ్వాస తీసి వేడి పోగొట్టుకుంటుంది. అలా రొప్పినప్పుడు ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ మామూలుకంటే ఎక్కువగా వెళ్లిపోతుంది. పెంకు కాల్షియం కార్బొనేట్. అందులో కార్బొనేట్ వంతుకు కావలసిన ముడిసరుకు ఆ గాలిలోనే పోతోందన్నమాట. అప్పుడు మందులకోసం పరిగెత్తడం కంటే చెట్టునీడ, మట్టి మూకుట్లో చల్లటి నీళ్లు, మధ్యాహ్నం ఓసారి ఆ నీళ్లు మార్చడం, ఇవే ఎక్కువ మేలు చేస్తాయి.

ఇక మేత. పెరటి కోడికి పళ్లు లేవని తెలుసుగా. మింగింది గొంతు కింది సంచిలో నానుతుంది, తరవాత కందనకాయలో నలుగుతుంది. అది ఏరుకుని మింగిన ఇసుకరాళ్లే ఆ పని చేసిపెడతాయి. తిరిగే కోడికి ఇవి మనం వెతికి పెట్టక్కర్లేదు. మనం చేసే పొరపాటు మరొకటి. తెల్లటి నూకలు నాలుగు గుప్పెళ్లు చల్లి మేత పెట్టేశామనుకుంటాం. ఈ నూకల సంగతి వెనక వైద్యశాస్త్రాన్నే మలుపు తిప్పిన కథ ఉంది.

130 ఏళ్ల పైమాట. జావా దీవిలో, ఇప్పుడు జకార్తా అంటున్న బటేవియాలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి జబ్బుకు కారణమైన సూక్ష్మజీవి కోసం వెతుకుతున్నాడు. కాళ్లు చచ్చుబడి, గుండె దెబ్బతిని సైనికులు, ఖైదీలు చచ్చిపోతున్న రోజులవి. ఆయన ప్రయోగశాలలో ఉన్న కోళ్లకు కూడా ఉన్నట్టుండి కాళ్లు తడబడ్డాయి, నిలబడలేక పడిపోయాయి. కొన్నాళ్లకు వాటంతటవే తేరుకున్నాయి. ఎందుకా అని ఆరా తీస్తే బయటపడింది: మధ్యలో కొన్ని నెలలపాటు వాటికి సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్త వంటవాడు వచ్చి, సైనికుల అన్నం బయటి కోళ్లకెందుకని ఆపేశాడు. దాంతో మళ్లీ తవుడు పోని ముతక బియ్యం వేశారు, కోళ్లు లేచి తిరిగాయి. తవుడులో ఉన్నదేదో ప్రాణం నిలుపుతోందని అప్పుడు తేలింది. దాన్నే మనం ఇప్పుడు విటమిన్ బి1 అంటున్నాం. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానం ఇచ్చారు. మన ఇళ్లల్లో కోళ్లకు నూకల్లో తవుడు కలిపి తడిపి పెట్టే అలవాటు ఉందే, దాన్ని వదలొద్దని చెప్పడానికే ఇంత కథా చెప్పాను. దానికి తోడు ఆకుకూర కాడలు, పురుగూ పుట్రా ఏరుకునే చోటు ఉంటే చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికొస్తా, పొదుగు.

పొదుగుకొచ్చిన పెట్ట ఈకలు రేపుకుని గూట్లోంచి లేవదు, చెయ్యి పెడితే పొడుస్తుంది, మేత మీద ధ్యాస ఉండదు. మెదడు కింద ఉండే గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం వల్ల ఇదంతా జరుగుతుంది. గుడ్లు ఆగిపోతాయి. పొట్ట కింద ఈకలు రాలి ఒట్టి చర్మం బయటపడుతుంది. ఆ వెచ్చటి చర్మం నేరుగా గుడ్డుకు తగలాలి కదా. గుడ్డుకు కావలసింది దాదాపు 37.5 డిగ్రీలు. యంత్రంతో పొదిగించేవాళ్లు ఎంతో జాగ్రత్తపడి నిలబెట్టే వేడిని నాటుపెట్ట గంపలో కూర్చుని ఇచ్చేస్తుంది. రోజుకు చాలాసార్లు ముక్కుతో గుడ్లను కిందికీ మీదికీ తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిండం పొరకు అతుక్కుపోయి చస్తుంది. మేతకని రోజుకోసారి లేచి, నాలుగు మెతుకులు తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి పరుగున వచ్చేస్తుంది. ఆ పావుగంటలో గుడ్లు చల్లారిపోతాయని కంగారుపడొద్దు. అంతమాత్రం చల్లదనాన్ని అవి తట్టుకుంటాయి.

ఇక్కడో విచిత్రం ఉంది. ఒక పెట్ట రెండు వారాలపాటు పెట్టిన 10, 12 గుడ్లను ఒకేసారి పొదగేస్తాం. మొదటి గుడ్డుకూ చివరి గుడ్డుకూ అంత తేడా ఉన్నా పిల్లలన్నీ 21వ రోజునే, అటూ ఇటూగా, లేస్తాయి. ఎలాగంటే, గుడ్డు బయటికొచ్చి 20 డిగ్రీల చిల్లర కంటే చల్లబడితే లోపలి పిండం ఎదగడం ఆపేసి అలాగే ఉండిపోతుంది, చచ్చిపోదు. పెట్ట ఎక్కి కూర్చున్నాకనే అన్నీ కలిసి బయల్దేరతాయి. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

మన ఏప్రిల్, మే నెలల్లో ఇంటి లోపలే 35 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఆ పిండానికి పూర్తిగా ఎదిగే వేడీ లేదు, నిద్రపోయే చల్లదనమూ లేదు. సగం సగం ఎదిగి చచ్చిపోతుంది. మా పెద్దవాళ్లు ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనపముక్కో బొగ్గో పెట్టేవాళ్లు. ఇప్పటికీ పెట్టేవాళ్లున్నారు. ఉరుములొచ్చేది ఎప్పుడర్రా? వైశాఖ జ్యేష్ఠాల్లో, మండే ఎండల చివర. గుడ్లు అప్పుడు మురుగుతాయన్నది వాళ్లు సరిగ్గానే చూశారు. కారణం ఉరుము కాదు, అంతకుముందు గుడ్డు పడ్డ వేడి. కాబట్టి పొదుగుకు దాచే గుడ్లను ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోట, మంచినీళ్ల కుండ పక్కన ఇసుకలో, వెడల్పు కొన పైకి ఉండేలా పెట్టండి. ఆ వేడి రోజుల్లో వారానికి మించి దాచకండి. ఎండలు ముదిరాక అసలు పొదగెయ్యకపోవడమే మంచిది. ఆ గుడ్లు తినెయ్యండి.

పొదగేసిన 7వ రోజు రాత్రి, చీకట్లో, గుడ్డు వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టి చూడండి. ప్రాణమున్న గుడ్డులో ఎర్రటి నరాలు పాకి, మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తుంది. ఖాళీగా వెలుగు దాటిపోతే అందులో పిల్ల లేదు, తీసెయ్యండి. ఈ లోపలి సంగతి మొదట రాసిపెట్టినవాళ్లలో గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఒకడు. రోజుకో గుడ్డు పగలగొట్టి చూసి, మూడు రాత్రులూ మూడు పగళ్లూ గడిచాక రక్తపు చుక్కంత గుండె కదలడం కనిపిస్తుందని 2,300 ఏళ్ల కిందటే రాశాడు. చేతిలో భూతద్దం కూడా లేదాయనకు.

19, 20 రోజులకు పిల్ల వెడల్పు కొనలో ఉన్న గాలిగదిలోకి ముక్కు దూర్చి మొదటిసారి ఊపిరి తీసుకుంటుంది. ఆ రోజున గుడ్డు చెవికి ఆనించి వినండి, లోపల కిచకిచ వినిపిస్తుంది. పెట్ట కూడా గొంతులో మెల్లగా కుకుక్ అంటూ బదులిస్తుంది. తల్లీపిల్లల పలకరింపు పెంకు పగలక ముందే మొదలవుతుంది. పిల్ల ముక్కు కొసన చిన్న గట్టి పొక్కు ఉంటుంది. దాంతోనే పెంకును గీకి బొక్క పెడుతుంది. కొద్ది రోజుల్లో ఆ పొక్కు రాలిపోతుంది.

ఇక్కడే మనవాళ్లు తొందరపడతారు. బొక్క పడి గంటలు గడిచినా పిల్ల రాలేదని పెంకు ఒలుస్తారు. ఒలవకండి. ఆ వేళకి లోపలి పొర మీద ఇంకా రక్తనాళాలు పనిచేస్తుంటాయి, మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా పొట్టలోకి వెళుతూ ఉంటుంది. బొక్క పడ్డాక 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే. పొట్టలోకి వెళ్లిన ఆ సొనే పిల్లకు తరవాతి రెండు రోజుల భోజనం. ఆలస్యంగా లేచే పిల్లల కోసం తల్లి ఇంకా గుడ్ల మీదే కూర్చున్నా ముందు లేచినవి ఆకలితో మాడకుండా ఉండేది దానివల్లే.

మొదటి రెండు మూడు వారాలు పిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. తల్లి ఉంటే రెక్కలకింద దూరతాయి. తల్లి లేని పిల్లలైతే మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండేలా బల్బు కట్టాలి. పిల్లలు బల్బుకిందే ఒకదానిమీదొకటి పడుతుంటే చలేస్తోందని, గోడలకు అంటుకుని నోళ్లు తెరిస్తే వేడెక్కువైందని అర్థం. పిల్లల మేతకు నూకలొక్కటే చాలవు, మాంసకృత్తులు కావాలి. పాత కుండలో ఎండుపేడ, గడ్డి, గోనెముక్క వేసి తడిపి, సాయంత్రం చెదపుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. పైసా ఖర్చు లేని మేత. మా చిన్నప్పుడు పొద్దున్నే ఆ కుండ తిరగెయ్యడం పిల్లల పనే.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకానికని వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేశారు. గ్రామప్రియ నాటుపెట్ట కంటే రెండింతల పైన గుడ్లు పెడుతుంది. మంచి రకాలే. కాని ఎక్కువ గుడ్ల కోసం ఏరి ఏరి పెంచేసరికి పొదుగు గుణం పోయింది. అవి గుడ్ల మీద కూర్చోవు. పిల్లలు కావాలంటే ఆ గుడ్లను నాటుపెట్ట కింద పెట్టాల్సిందే. అందుకని ఎన్ని కొత్త రకాలు తెచ్చినా పెరట్లో ఒకటి రెండు నాటుపెట్టలు ఉంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. బరువైన వనరాజా గద్ద వస్తే చురుగ్గా పరిగెత్తలేదు కూడా.

గద్దంటే గుర్తొచ్చింది. పుంజు కేకలు వేరువేరుగా వినండి. పైన గద్ద కనిపిస్తే సన్నగా సాగదీసిన కూత ఒకటి పెడుతుంది, కోళ్లన్నీ పొదల కిందికి నక్కుతాయి. పిల్లో కుక్కో నేలమీద వస్తే కొట్‌కొట్ కొటకొటమని తెంపుతెంపులుగా అరుస్తుంది, అన్నీ మెడలెత్తి నిలబడి చూస్తాయి. నిజమా అని శాస్త్రజ్ఞులు పుంజుల తలపైన టీవీ తెర పెట్టి గద్ద బొమ్మ చూపించారు, పక్కన తెరమీద నేల జంతువును చూపించారు. దేనికి తగ్గ కేక దానికే పెట్టాయి. దగ్గర్లో పెట్ట ఉంటే గద్ద కేక మరీ ఎక్కువగా పెట్టాయి.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలో కూడా వరస ఉంటుంది. నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె చిన్నతనం నుంచీ కోళ్లను కనిపెట్టి చూసి 1921లో ఈ సంగతి లోకానికి చెప్పాడు. వరస కుదిరాక గొడవలుండవు. మనం సంత నుంచి కొత్త పెట్ట ఒక్కదాన్ని తెచ్చి పట్టపగలు వదిలితే వరస కలవరపడి దాన్ని రక్తాలొచ్చేలా పొడుస్తాయి. రెండు మూడు పెట్టల్ని కలిపి తెచ్చి, కొన్నాళ్లు విడిగా ఉంచి, తరవాత ఓ రాత్రి గూట్లోకి చేర్చండి. చీకట్లో కోడికి చూపు ఆనదు. మేత కూడా రెండు చోట్ల పెడితే బెదిరిన పెట్టకూ నాలుగు గింజలు దక్కుతాయి. తొలికోడి కూతకూ వరసే! జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంవాళ్లు పుంజుల్ని పగలూ రాత్రీ తేడా లేని మసక వెలుతురులో ఉంచినా వేళకు కూశాయి. లోపలి గడియారం అలా ఉందని 2013లో చెప్పారు. గుంపులో పై మెట్టున ఉన్న పుంజు ముందు కూస్తుందనీ, మిగతావి వరసప్రకారం అందుకుంటాయనీ ఆ తరవాత తేల్చారు.

ఇంత తెలివైన జీవాన్ని ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి అంటారు. 1926 ప్రాంతంలో జావాలోనూ, ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గరా మొదట గుర్తించారు. ఒకటి రెండేళ్లలో మన హిమాలయాల్లోని రాణిఖేత్‌లో కనిపించింది. నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీస్తాయి, ఆకుపచ్చ తెలుపు పారుతాయి, మెడ మెలి తిరిగిపోతుంది, కాళ్లూ రెక్కలూ పడిపోతాయి. ఇది వైరస్. వచ్చాక మందు లేదు. ఉల్లిపాయ రసం, పసుపు ముద్ద, సారా చుక్క, ఏదీ పనిచెయ్యదు. జబ్బు వాసన తగలగానే మిగిలిన కోళ్లను సంతకు తోలేయడం, చచ్చినవాటిని కాలువలో విసిరెయ్యడం, ఈ రెండూ ఊరి నుంచి ఊరికి తెగులును మోస్తున్నాయి. చచ్చిన కోడిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఒకేసారి చాలా కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతే ఉత్తచేతులతో ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు చెప్పాలి. 2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, గుర్తుందిగా.

కొక్కెరకు మందు లేదుగాని టీకా ఉంది. పిల్లకు 7వ రోజున కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. 8 వారాలకు రెక్కలో సూదిమందు. తరవాత 6 నెలలకోసారి మళ్లీ. కోడి ఖరీదు ముందు ఆ ఖర్చు ఎంత? ఇబ్బంది ఎక్కడంటే ఒక సీసా సాధారణంగా 100 కోళ్లకు సరిపడా ఉంటుంది, కలిపిన గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. నాలుగు కోళ్లున్న ఇల్లు ఒక్కటీ ఆ పని పెట్టుకోలేదు. అందుకని వీధివాళ్లంతా కలవండి. ఎండలు ముదరకముందే, సంక్రాంతి వెళ్లిన వారం పది రోజుల్లో ఓ సాయంత్రం, కోళ్లు గూళ్లలోకి చేరే వేళకి పశువుల ఆసుపత్రి నుంచి మనిషిని పిలిచి అన్ని ఇళ్లవాటికీ ఒకేసారి వేయించండి. జబ్బుగా ఉన్నవాటికి వేయించొద్దు. టీకా తేవడానికి వెళ్లేవాళ్లు ఐసు ముక్కలేసిన ఫ్లాస్కు వెంట తీసుకెళ్లండి. వేడి తగిలిన టీకా పనిచెయ్యదు.